జడివానలో దారి కనబడవలెనన్న

మన కోలారు జిల్లాలో వానను గురించి వ్రాయుట యనగా సాధారణముగా వాన రాలేదని వ్రాయుటయే. జీవనది యొక్కటియు లేని సీమ యిది. ఏటికి 700 మిల్లీమీటర్లకు కొంచెము పైబడిన వర్షముతో, చెరువులను నమ్ముకొని, నేల లోతులనుండి నీరు చేదుకొని బ్రతుకుచున్నాము. కావున మబ్బు పట్టిన నాడు చేతులెత్తి మ్రొక్కుటయే గాని నిందించుట మన వాడుక కాదు. ఈ వారము మేము వ్రాయబోవునదియు వాన మీద ఫిర్యాదు కాదు. వాన కురియుచుండగా మనము బండి నడుపు తీరు మీద ఫిర్యాదు. అందులో మా వంతు తప్పును కలదు.

వాన అరుదుగా వచ్చుటయే యిందు మొదటి చిక్కు. మలెనాటి డ్రైవరు ఏటేట నెలల తరబడి వానలోనే బండి నడుపును. వాని చేతికి, కంటికి, వాని బండి వైపరుకు గూడ వాన అలవాటే. మన జిల్లాలో వేసవినాటి గాలివానలు కొన్ని, సెప్టెంబరు అక్టోబరులలో అసలు వానలు, ఆపైన బంగాళాఖాతమున వాయుగుండము పుట్టిన యెడల నవంబరులో మరియొక విడత, అంతటితో సరి. 2021 నవంబరులో ఏండ్ల తరబడి నిండని చెరువులు అలుగులు పారినప్పుడు, పాలారు పొంగినప్పుడు, మనమందరము పిల్లాపాపలతో పోయి చూచి వచ్చితిమి గదా! అంత అపురూపము మనకు వాన. ఇరువది నాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు పడిన దానిని వాతావరణ శాఖవారు భారీ వర్షమందురు. మన సీమలో ఒక్కొక్కప్పుడు అందు సగము ఒక గంటలోనే క్రుమ్మరించి పోవును. ఆ ఒక్క గంటలో రోడ్డున నుండు డ్రైవరు తక్కిన పదునొకండు నెలలు ఎండలో నడిపినవాడు. వాని వైపరు రబ్బరు ఆ యెండకే ఎండి కట్టెయైనది.

ఇటీవల మాకు జరిగిన అనుభవమును చెప్పక తప్పదు. పలమనేరులో ఒక పెండ్లి చూచుకొని అద్దెకారులో కోలారునకు తిరిగి వచ్చుచుంటిమి. నంగలి దాటునప్పటికి మునిమాపు వేళ. ఉన్నట్టుండి కుండపోతగా వాన పట్టుకొన్నది. డ్రైవరు పట్టుమని పాతికేండ్లు లేని కుర్రవాడు. జేబులోనుండి నల్ల కళ్ళద్దములు తీసి పెట్టుకొన్నాడు. ఇదేమి నాయనా చీకటిపడు వేళ యని అడిగితిమి. "ఇవి పెట్టుకుంటే వానలో దారి బాగా కనిపిస్తుందంట సార్, ఫోన్లో వచ్చింది," అన్నాడు. మాలో కాదని చెప్పగలిగిన వా రొక్కరును లేకపోయిరి. పైగా ఇంటికి వేళకు చేరవలెనని తొందరపెట్టినవారము మేమే.

ముళబాగిలు ఇంకను కొంత దూర ముండగా రోడ్డు అంచున ఒక నల్లని ఆకారము ఒక్కసారిగా ఎదుట నిలిచినది. టమాటా పెట్టెలు ఎత్తిన ట్రాక్టరు ట్రాలీ. చక్రము పాడై ఆగిపోయినది. వెనుక దీపము లేదు, అద్దపు బిళ్ళ లేదు. కుర్రవాడు బ్రేకు త్రొక్కినాడు. కారు నీటిమీద జారి, అడ్డముగా తిరిగి, ట్రాలీకి మూరెడు దూరములో నిలిచినది. దిగి చూడగా ట్రాలీ వెనుక ఒక రైతు సెల్‌ఫోను దీపము చేతబట్టి ఊపుచు తడిసి ముద్దయై నిలిచియున్నాడు. మేము ఆగిన తరువాతనే ఆ దీపము మాకు కనబడినది. కారు ఇంకొక మూర జారియున్న యెడల ముందుగా తగులునది ట్రాలీకి కాదు, ఆ మనుష్యునకు. కుర్రవాడు ఎవరును చెప్పకుండనే కళ్ళద్దములు తీసి జేబులో వేసికొన్నాడు. అక్కడినుండి కోలారు చేరువరకు ఎవరమును మాటాడలేదు.

ఆ నల్లద్దముల కబురు ఈ కుర్రవాడొక్కని ఫోనుకు వచ్చినది కాదు. ఎన్నియో ఏండ్లుగా దేశదేశములు తిరుగుచున్న కబురది. ప్రతి వానకాలమునకు క్రొత్త చొక్కా తొడుగుకొని మరల వచ్చును. అందులో ఆవగింజంత నిజము లేకపోలేదు. తడిరోడ్డు మీద పడి మరలివచ్చు వెలుగులో ఒక భాగము ఒకే దిక్కున కంపించు వెలుగు. దానిని వడగట్టు ప్రత్యేకమైన అద్దములు, పోలరాయిడ్ అద్దములు, కలవు. పట్టపగలు వాన వెలిసి ఎండ కాయునప్పుడు రోడ్డు మీది మిలమిలను అవి కొంత తగ్గించును. అంతవరకే. అద్దము మీద నిలిచిన చినుకును అవి తుడువవు, గాలిలో పడుచున్న ధారను పలుచన చేయవు. పైగా ఎండకు పెట్టుకొను ముదురు నల్లద్దములు సాధారణముగా వచ్చు వెలుగులో వందకు ఎనుబది పాళ్ళ వరకు మ్రింగివేయును. మబ్బు క్రమ్మి, ప్రొద్దు వ్రాలి, ఉన్న వెలుగే చాలని వేళ దానిలో అయిదవ వంతు మాత్రమే కంటికి అందిన యెడల ఏమి కనబడును? చీకటి గదిలో సూది వెదకువాడు దీపము ఆర్పుకొన్నట్లే.

అసలు వానలో దారి ఎందుచేత కనబడదు? వాన ఒక్కటే తెర కాదు. మూడు నాలుగు తెరలు ఒకదాని వెనుక ఒకటి పడును. అందులో కొన్నింటిని మనము తొలగించుకొనవచ్చును, కొన్నింటిని తొలగించుకొనలేము. ఏది ఏదో తెలియకుండుటయే మన అపాయము.

మొదటి తెర ముందరి అద్దము వెలుపలిది. నీరు అద్దము మీద సమముగా పరచుకొన్న యెడల అంత బాధ లేదు. బొట్లు బొట్లుగా నిలిచిన యెడల ఒక్కొక్క బొట్టు ఒక్కొక్క భూతద్దమై ఎదుటి దీపమును పది దీపములుగా చూపును. దీనికి మందు వైపరు. 1903లో అమెరికాలో మేరీ ఆండర్సన్ అను స్త్రీ, చలిమంచులో ట్రాము నడుపువాడు అద్దము తెరచుకొని తడియుచు నడుపుట న్యూయార్కులో చూచి, లోపలినుండి చేతితో త్రిప్పు పట్టెను కనిపెట్టి పేటెంటు పొందినది. ఆనాడు దానిని కొనువారు లేకపోయిరి. ఈనాడు చట్టప్రకారము కారులకు, బస్సులకు, లారీలకు ఉండవలసిన సాధనమది. ఉండుటకు ఉన్నది, పని చేయుచున్నదా? వేల రూపాయలు పోసి సీట్లకు తోలు తొడుగులు వేయించువారు నాలుగైదు వందల రూపాయల వైపరు రబ్బరును మార్చరు. అది అరగి, పగిలి, అద్దము మీద చారలు గీయుచుండును. ఆ చారల మీద ఎదుటి లారీ దీపము పడినప్పుడు అద్దమంతయు తెల్లని గోడయగును.

కె.జి.ఎఫ్. వారికి ఇందులో మరియొక చిక్కు కలదు. గనుల నుండి త్రవ్వి నూరి పోసిన సైనైడు దిబ్బలు నేటికిని ఊరి చుట్టు కొండలవలె నిలిచియున్నవి. గాలి వీచినప్పుడు ఆ మెత్తని ధూళి ఇండ్లమీదను, బండ్లమీదను పరచుకొనును. మాలూరు వైపు ఇటుక బట్టీల ధూళి. రాతి క్వారీలున్న చోట రాతిపొడి. తొలి చినుకు పడగానే వైపరు త్రిప్పిన యెడల ఆ ధూళి బురదయై అద్దమునకు మెత్తబడును. అందలి ఇసుక అద్దమును గీరును. ఆ గీతలు మరల పోవు. కావున వానకాలమునకు ముందే అద్దమును సబ్బునీళ్ళతో కడుగవలెను. రబ్బరును తడిగుడ్డతో తుడువవలెను. వైపరు నీళ్ళ డబ్బాలో నీరు నింపి, ముందు నీరు చిమ్మి, పిదపనే వైపరు త్రిప్పవలెను. కిరోసిను గుడ్డతో తుడుచు అలవాటు కొందరికి కలదు. అది జిడ్డు, వెలుగు పడినప్పుడు ఇంద్రధనుస్సులు చూపును, దారిని చూపదు. పాత లారీ డ్రైవర్లు బీడీ పొగాకునో, కోసిన ఉర్లగడ్డనో అద్దమునకు రుద్దుట పాఠకులు చూచియుందురు. దానిని చూచి నవ్వ నక్కరలేదు. ఆ రసపు పూత వలన నీరు బొట్లు కట్టక పలుచగా పరచుకొనును. వైపరు చెడిపోయిన అర్ధరాత్రి అది ఒక అరగంట ప్రాణము నిలుపవచ్చును. అయితే వైపరు బాగుచేయించుకొనకుండుటకు అది సాకు కారాదు.

అద్దము మీద అంటించు వానిని గూర్చి ఒక్క మాట. దైవభక్తికిని సినిమాభక్తికిని బండి వెనుకభాగమున కావలసినంత చోటు కలదు. ముందరి అద్దము మీద పేర్లు వ్రాయించి, దండలు వ్రేలాడగట్టి, మిగిలిన సందులోనుండి చూచి నడుపుట ఏ దేవునికిని ప్రీతి కాదని మా నమ్మకము. ముందరి అద్దము గుండ వందకు 70 పాళ్ళకు తగ్గకుండ వెలుగు రావలెనని చట్టము. నల్ల ఫిలిముల విషయమున 2012లో సుప్రీముకోర్టు గట్టి తీర్పే చెప్పినది.

రెండవ తెర లోపలిది. దీనిని మన డ్రైవర్లలో చాలమంది బయటి వాననుకొని వైపరును ఇంకను వేగముగా త్రిప్పుదురు. చల్లని నీళ్ళు పోసిన ఇత్తడి చెంబు వెలుపల చెమర్చుట ప్రతి ఇంట చూచినదే. వానకు అద్దము చల్లబడును. లోపల నలుగురైదుగురి ఊపిరి, తడిసిన బట్టల ఆవిరి. ఆ తేమ అద్దమునకు తగిలి మంచువలె పట్టును. అరచేతితో తుడిచిన యెడల చేతి జిడ్డు అంటుకొని మరునిమిషములో ఇంతకన్న చిక్కగా పట్టును. ఏ.సి. ఉన్న కారులో దానిని వేసి, గాలిని ముందరి అద్దము వైపు మరల్చి, బయటి గాలి లోనికి వచ్చునట్లు మీట త్రిప్పిన యెడల రెండు మూడు నిమిషములలో అద్దము తేటపడును. ఏ.సి. చల్లదనమునకు మాత్రమే యని వానలో ఆర్పివేయువారు కలరు. అది గాలిలోని తేమను గూడ పిండివేయు యంత్రము. వానలోనే దాని అక్కర ఎక్కువ. ఏ.సి. లేని బండిలో రెండు ప్రక్కల అద్దములను రెండు వ్రేళ్ళంత దించుటయే ఉపాయము. భుజము తడిసిన తడియనిండు. పల్లెలకు పోవు బస్సులలో కిటికీలన్నియు బిగించి కూర్చుండు మన ప్రయాణికులు, డ్రైవరు ప్రక్క కిటికీ నొక్కదానినైన తెరువనిచ్చిన యెడల తమ ప్రాణములకే మంచిది.

మూడవది వెలుగునకు సంబంధించిన తెర. వానలో దారి కనబడలేదని పెద్ద వెలుగు, అనగా హైబీము, వేయుట సహజమైన పొరపాటు. ఆ వెలుగు సూటిగా పోయి ఎదుటి చినుకులకు తగిలి మన కంటికే తిరిగి వచ్చును. తెల్లని తెర దింపినట్లుండును. డిమ్ము వెలుగు క్రిందికి వంగి రోడ్డు మీద పడును గనుక అదియే మేలు. పసుపు దీపము వానను చీల్చుకొని పోవునను నమ్మకమునకును బలము లేదు. చినుకు ముందు అన్ని రంగులును ఒకటే. మంచుదీపములు ఉపకరించుట రంగు వలన కాదు, కంటికి చాల దిగువను అమర్చుట వలన. ఇక అంగళ్ళలో కొని తగిలించు తెల్లని ఎల్.ఇ.డి. దీపములు ఎదుటివానికి కండ్లు పోగొట్టుటకే గాని మనకు దారి చూపుటకు కావు.

రాత్రివేళ తడిరోడ్డు అంత నల్లగా ఎందుకుండునో గమనించితిరా? పొడిరోడ్డు గరుకుగా నుండి మన దీపపు వెలుగును నలుదెసల చిమ్మును. అందు కొంత మనకు తిరిగి వచ్చుట చేత రోడ్డు కనబడును. నీరు నిలిచిన రోడ్డు అద్దము. మన వెలుగును ముందుకు విసరి ఎదుటివాని కంటిలో వేయును, ఎదుటివాని వెలుగును మన కంటిలో వేయును, ఎవరికిని దారి చూపదు. రోడ్డు మీది తెల్లగీతలు నీటిలో మునిగి కనబడకపోవుటకు కారణమును అదే. దీనికి డ్రైవరు చేయగల ఉపాయము లేదు. ఎదుటి దీపమును చూడక ఎడమ అంచు గీతను చూచి నడుపుట, వేగము తగ్గించుట తప్ప.

ఈ వేగము మాట దగ్గర కొంచెము నిలువవలసియున్నది. డిమ్ము వెలుగులో వానరాత్రి మనకు స్పష్టముగా కనబడునది 40, మహాయెక్కువైన 50 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకండులో 22 మీటర్లు పోవును. ఎదుట అడ్డు కనబడి కాలు బ్రేకు మీదికి పోవుటకు సెకండున్నర పట్టిననుకొనుడు. బ్రేకు పడకముందే 33 మీటర్లు పోయినది. ఆపైన తడిరోడ్డు మీద నిలుచుటకు మరి 60 మీటర్లకు పైగా కావలెను. అనగా కనబడిన దానికి రెట్టింపు దూరమున గాని బండి ఆగదు. 60 కిలోమీటర్ల వేగమునను మొత్తము 60 మీటర్లు పట్టును, అదియు చాలదు. 40 కిలోమీటర్లకు దిగినప్పుడే 32, 33 మీటర్లలో బండి నిలిచి, కనబడిన వస్తువునకు ఇవతల మనముందుము. ఆనాడు మా కారు ఎంత వేగమున పోవుచుండెనో మేము అడుగలేదు. అడుగవలసినది.

గనులలో పనిచేసిన పెద్దలు మనలో ఇంకను కలరు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అక్కడ పగలు లేదు, రాత్రి లేదు. టోపీకి తగిలించిన దీపము చూపినంత మేరయే దారి. ఆ వెలుగు దాటి అడుగు వేసినవాడు బావిలో పడునని ప్రతి కూలికిని తెలియును; కావున తెలుగువాడు గాని తమిళుడు గాని అక్కడ తన దీపము కన్న ముందు నడువలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట వారి బిడ్డలలో వేలాదిమంది పొట్టకూటికై బెంగళూరు దారి పట్టిరి. తెల్లవారకముందే మారికుప్పములో రైలెక్కువారు కొందరు, టాక్సీలు నడుపువారు కొందరు, నరసాపుర ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులలో పోవువారు కొందరు. 2024 డిసెంబరు నుండి హొసకోటె మొదలు బేతమంగల వరకు క్రొత్త ఎక్స్‌ప్రెస్ రహదారియు వాడుకలోనికి వచ్చినది. నున్నని రోడ్డు, వంకర లేని రోడ్డు. ఎంత వేగమున పోవుచున్నామో ఒంటికి తెలియనీయని రోడ్డు. తండ్రి పాతాళములో పాటించిన లెక్కను కొడుకు నేలమీద మరచుటకు అంతకన్న తగిన చోటు లేదు.

ఇంతవరకు మనకు కనబడుటను గూర్చి వ్రాసితిమి. మనము ఇతరులకు కనబడుట దానికి తీసిపోని పని. 2022లో దేశము మొత్తము మీద రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర ప్రభుత్వ శాఖవారి లెక్క. అందు రమారమి 44 వంతులు మోటారు సైకిళ్ళు, స్కూటర్ల మీది వారే. 2017 ఏప్రిలు నుండి తయారగు ద్విచక్ర వాహనముల ముందుదీపము ఎల్లప్పుడు వెలుగునట్లు చేసిరి. మంచిదే. కాని మన జిల్లాలో తెల్లవారుజామున పాలక్యానులు కట్టుకొని డెయిరీకి పోవువాని వెనుకదీపము ఆ క్యాను చాటున పడును. వాని వానకోటు నలుపు. క్యాను మీద కప్పిన గోనెపట్టా నలుపు. వెనుకనుండి వచ్చువానికి కనబడునదేమి? వెనుక కూర్చున్న ఇల్లాలు గొడుగు పట్టుకొనుట మరియొక వింత: గాలి తగిలినప్పుడు ఆ గొడుగు బండిని ప్రక్కకు లాగును, ముందున్నవాని చూపునకును అడ్డము వచ్చును. హెల్మెట్టు అద్దము లోపల ఆవిరి పట్టిన యెడల వ్రేలెడు సందు తెరచుకొనవచ్చును. హెల్మెట్టునే తీసి బండికి తగిలించుట మాత్రము తగదు.

నాలుగు ఇండికేటర్లును ఒక్కసారి మినుకుమినుకుమనిపించుచు వానలో పోవుట ఇప్పుడొక వేడుకయైనది. అట్లు పోవు బండి కుడికి తిరుగునో ఎడమకు తిరుగునో వెనుకవానికి తెలియదు. కదలుచున్నదో నిలిచినదో గూడ తెలియదు. అది ఆగిన బండికి గుర్తు. పోవు బండికి డిమ్ము దీపము, వెనుక ఎర్రదీపము చాలును. ఏమియు కనబడనంత జోరుగా కురిసినప్పుడు ఆగుటయే మంచిది. కాని రోడ్డు అంచున కాదు, పాత చింతచెట్టు క్రింద అంతకన్నను కాదు. పెట్రోలు బంకో, హోటలు ముంగిలియో, బస్‌స్టాండో దొరకువరకు మెల్లగా పోయి ఆగవలెను. మన సీమ వాన చాలవరకు అరగంట వాన. ఒక కాఫీ త్రాగి లేచునప్పటికి వెలియును.

ఆ రైతు మాట మాకు మరపునకు రాకున్నది. 1902లోనే శివనసముద్రము నుండి విద్యుత్తు తెచ్చుకొని వెలిగించుకొన్న బంగారు గనుల జిల్లా యిది. నేడు దీని రోడ్ల మీద దీపము లేని ట్రాలీలు పోవుచున్నవి. కోలారు టమాటా మార్కెట్టు దేశములోని మిక్కిలి పెద్ద వానిలో ఒకటి. కోత కాలమున రాత్రింబగళ్ళు ట్రాక్టర్లు, టెంపోలు, లారీలు వచ్చుచు పోవుచునే యుండును. ఆ బండ్ల వెనుక అంటించు ఎర్ర రేడియం పట్టె (పేరునకు రేడియమే గాని అందులో రేడియము లేదు, పడిన వెలుగును వచ్చిన దిక్కునకే తిప్పి పంపు పట్టె) ఒక పెట్టె టమాటాల వెలకు మించదు. మార్కెట్టు గేటులో చీటీ వ్రాయు చోటనే, వెనుక పట్టె లేని ట్రాలీకి పట్టె అంటించి పంపు ఏర్పాటు మార్కెట్టు కమిటీవారు చేసిన యెడల ఒక్క కారులో జిల్లా అంతయు మారును. మన సంఘములో మండీ వర్తకులు పలువురు కలరు. వారు తలచుకొన్న యెడల కమిటీ నిర్ణయమునకు ఎదురుచూడ నక్కరలేదు. తమ మండీకి వచ్చు బండ్లకు తామే అంటింపవచ్చును.

రహదారి అధికారులకు మా మనవి మూడు విషయములలో. బ్రిటనులో పెర్సీ షా అను రోడ్డు పనివాడు 1934లో పేటెంటు పొందిన పిల్లికన్ను బిళ్ళలు పాఠకులలో పలువురు చిత్రములలో నైన చూచియుందురు. బండి చక్రము ఎక్కినప్పుడు బిళ్ళ లోనికి అణగి, లోపల నిలిచిన వాననీటితో తన కన్ను తానే తుడుచుకొనును. మన రోడ్ల మీదను వెలుగు బిళ్ళలు అమర్చిరి; కాని ఊడిపోయినవానిని మరల పెట్టుట, బురద పట్టినవానిని కడుగుట ఎవరి పనియో తెలియకున్నది. గీతలకు రంగు వేయుట వానకాలము ముగిసినాక కాక, మొదలగుటకు ముందు జరుగవలెను. వంతెనల క్రిందను, సర్వీసు రోడ్లలోను నీరు నిలుచు చోట్లు ప్రతి యేటను అవే. క్రొత్తగా కనుగొనవలసినవి కావు. తూములలోని మట్టి ఆగస్టులోనే తీయించిన యెడల సెప్టెంబరులో నీరు తన దారిన పోవును.

మూడవది హెచ్చరిక పలకల మాట. నంగలి మీదుగా పోవు దారి రెండు రాష్ట్రముల దారి. కొంచెము దూరమున మూడవ రాష్ట్రమును కలదు. కన్నడ లిపి తెలుగు లిపికి తోబుట్టువే. పగటివేళ నిలిచి చదివిన యెడల మన పలమనేరు రైతు కూడబలుకుకొనగలడు. జడివానలో, రాత్రి, కదలు బండిలోనుండి ఏ భాషవాడును ఏ లిపియు చదువజాలడు. భాషాహక్కులను గూర్చి ఈ పత్రికలో మేము తరచు వ్రాయుచుందుము గాని, ఇక్కడ మేము కోరునది తెలుగు పలక కాదు. జారు దారి, వంకర దారి, ముందు పల్లము అను వానికి దేశమంతట ఒకే తీరు బొమ్మగుర్తులు ఏర్పడియున్నవి. అవి పెద్దవిగా, వెలుగు తిప్పు రేకు మీద, చెట్టుకొమ్మలు కప్పకుండ నిలిపిన యెడల కన్నడిగునకు, తెలుగువానికి, తమిళునకు, ఉత్తరాది లారీ డ్రైవరుకు గూడ చాలును.

వానలు మరల వచ్చుచున్నవి. రావలెననియే మన ప్రార్థన. బండి గలవారు ఈ ఆదివారము వైపరు రబ్బరును వ్రేలితో తాకి చూతురు గాక. గట్టిపడియున్న యెడల సోమవారము మార్పింతురు గాక. అద్దము లోపలివైపు జిడ్డు వదలుటకు కొంచెము నీళ్ళు చిలికి పాత వార్తాపత్రికతో రుద్దుట ఇండ్లలో ఎరిగిన ఉపాయమే. చదివి ముగించిన పిదప అందులకు ఈ సంచికనే వాడుకొన్నను మాకు అభ్యంతరము లేదు.